అసలు కుచ్చులే: యూదుల ప్రార్థనా శాలువాపై ఒక సమీక్ష

తెలుగు బైబిలు చదివే ఇళ్లకు సంఖ్యాకాండము 15వ అధ్యాయం చివరి ఐదు వచనాలు తెలిసినవే. ఇశ్రాయేలీయులు తరతరాలపాటు తమ బట్టల అంచులకు కుచ్చులు కట్టుకోవాలి, ఆ కుచ్చుల్లో ఒక నీలి దారం చేర్చాలి. దాన్ని చూసినప్పుడల్లా దేవుని ఆజ్ఞలు గుర్తుకు రావాలి. కంటికి నచ్చిందని, మనసు లాగిందని దారి తప్పకూడదు. మోషేకు అందిన ఆజ్ఞ ఇది. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం దీన్నే ఒక్క మాటలో మళ్లీ చెప్పి, బట్టకు నాలుగు మూలలు అన్న లెక్క కూడా చేరుస్తుంది. మరిచిపోకూడని పని ఉంటే కొంగున ముడి వేసుకోవడం మన ఆడవాళ్ల పాత అలవాటు. యూదులు ఆ ముడిని ధర్మశాస్త్రంలోకి తీసుకెళ్లారు. ఏ పూటకో, ఏ పనికో కాదు, మొత్తం జీవితానికే ముడి వేసుకున్నారు.

ఆ ముడిని మోసే బట్ట పేరు తల్లీత్. తూర్పు యూరప్ యూదులు తాలిస్ అంటారు. కుచ్చుల పేరు త్సిత్సిత్. కొనేవాళ్లు ఎక్కువగా బట్టనే చూస్తారు: రంగు, చారలు, మెడ దగ్గరి పట్టీ, చేతికి తగిలే మెత్తదనం. ధర్మశాస్త్రం మాత్రం మూలల్ని చూస్తుంది. కుచ్చులు లేని తల్లీత్ ఎంత ఖరీదైనదైనా వట్టి దుప్పటే. సరైన కుచ్చులున్న సాదా ఉన్ని గుడ్డ తల్లీతే. తల్లీత్ గురించి వేల ఏళ్లుగా నడిచిన చర్చలన్నిటినీ వరసగా చదివితే నాకు తేలింది ఇదే. ఈ విషయంలో శాసనం కొంచెం, ఆచారం చాలా. రెండింటినీ కలిపేసుకోవడం వల్లే కొనేవాడికీ, కప్పుకునేవాడికీ అనవసరమైన తికమక.

శాసనం ఎంత కొంచెమో చెప్పే విషయం ఒకటుంది. నాలుగు మూలల బట్ట తొడిగితేనే కుచ్చులు కట్టాలి. అలాంటి బట్ట తొడగకపోతే ఏ బాధ్యతా లేదు. పాతకాలంలో మధ్యధరా తీరంలో అందరూ పైన కప్పుకున్నది నాలుగు మూలల దుప్పటే కాబట్టి ఆ ఆజ్ఞ రోజువారీ బట్టకు వర్తించింది. మసాదా కోటలోనూ, యూదయ ఎడారి గుహల్లోనూ దొరికిన రోమన్ కాలపు బట్టలు చూస్తే అప్పటి పైవస్త్రం ఎలా ఉండేదో తెలుస్తుంది. తర్వాత కత్తిరించి కుట్టిన చొక్కాలు, కోట్లు వచ్చాయి. మూలలు పోయాయి. ఆజ్ఞ చేజారకూడదని సమాజం తానుగా రెండు పనులు చేసింది. పాత పైవస్త్రాన్ని ప్రార్థన వేళకు దాచుకుంది. చొక్కా కింద రోజంతా వేసుకోవడానికి తలదూర్చే రంధ్రమున్న చిన్న బట్టను తయారుచేసుకుంది. మొదటిది పెద్ద తల్లీత్, రెండోది చిన్న తల్లీత్. తప్పనిసరి కాని దాన్ని ఇంత శ్రద్ధగా తలకెత్తుకోవడంలో నాకు ఈ ఆచారపు అసలు గొప్పతనం కనిపిస్తుంది. ఇంకో వైపు, పొడుగు కోటు వెనక చీలిక వల్ల నాలుగు మూలలు ఏర్పడితే, హసిదీ అనే భక్తి సంప్రదాయపు యూదులు ఒక మూలను గుండ్రంగా కోయిస్తారు. ఆ కోటుకు కుచ్చుల బాధ్యత ఉందా లేదా అన్న అనుమానమే రాకూడదని.

బట్ట దేనితో నేయాలన్న దానిపై రెండు పక్షాలు. 16వ శతాబ్దంలో సఫేద్ పట్నంలో షుల్హాన్ ఆరూఖ్ అనే ధర్మసంహిత రాసిన యోసెఫ్ కారో, అంతకుముందు మధ్యయుగ పండితుడు మైమోనిడీస్ చెప్పిన మాటనే నిలబెట్టాడు: ఉన్ని, నార బట్టలకే కుచ్చుల ఆజ్ఞ నేరుగా తోరా (మోషే ధర్మశాస్త్రం) నుంచి వస్తుంది, మిగతా బట్టలకు అది పండితులు పెట్టిన నియమం. అదే గ్రంథానికి క్రాకోవ్‌లో కూర్చుని అష్కెనజీ (మధ్య, తూర్పు యూరప్ యూదుల) ఆచారాలు చేర్చిన మోషే ఇస్సెర్లెస్ ఒప్పుకోలేదు. ఏ బట్టయినా తోరా ఆజ్ఞ కిందికే వస్తుందన్నాడు. ఆచరణలో ఇద్దరి మాటా నిలిచేది ఉన్ని దగ్గరే. అందుకే భక్తులు ఉన్ని తల్లీత్ కోరుకుంటారు. నూలు, పట్టు, పాలియెస్టర్ తల్లీత్‌లు కూడా మార్కెట్లో ఉన్నాయి. వేడి ప్రాంతాల్లో, ఉన్ని పడని ఒంటికి నూలుది కప్పుకోవడంలో దోషం లేదు. ఉన్ని, నార కలిపిన బట్ట మాత్రం వేసుకోకూడదు. ద్వితీయోపదేశకాండము 22లో కుచ్చుల ఆజ్ఞకు సరిగ్గా ముందు వచనమే ఆ నిషేధం. కొనేటప్పుడు నేత వివరం అడగడం అందుకే.

కొలత గురించి ప్రాచీన పండితుల చర్చల సంపుటి తాల్మూద్ ఇచ్చిన ప్రమాణం ముచ్చటైనది. ఒక పిల్లవాడి తలనూ, ఒంట్లో ఎక్కువ భాగాన్నీ కప్పేంత బట్ట కావాలట. అంగుళాలు లేని ఆ కొలతను తర్వాతివాళ్లు అంగుళాల్లోకి మార్చబోయి తలోరకంగా చెప్పారు. ఒక్క సంగతి మాత్రం స్పష్టం: తల్లీత్ ఒక వస్త్రం, మెడలో వేసుకునే అలంకారం కాదు. 20వ శతాబ్దపు అమెరికా సినగాగుల్లో (యూదుల ప్రార్థనా మందిరాల్లో) సన్నటి కండువా లాంటి తల్లీత్‌లు బాగా పాకాయి. ఇరుకుగా మడిచి మెడచుట్టూ వేసుకునేవాళ్లను పండితుడు యిస్రాయేల్ మెయీర్ కగాన్ మిష్నా బెరూరా అనే తన ధర్మశాస్త్ర వ్యాఖ్యలో అంతకుముందే గట్టిగా తప్పుపట్టాడు. ఆయన మాటే సరైనదనిపిస్తుంది నాకు. కప్పుకోమన్న ఆజ్ఞకు కప్పని బట్ట ఎలా చాలుతుంది?

ఇక కుచ్చులు. ప్రతి మూలలో ఒక రంధ్రం. అది బట్ట అంచుకు మరీ దగ్గరగా ఉండకూడదు, మూడు బొటనవేళ్ల వెడల్పు దాటి లోపలికీ పోకూడదు. అంచుకు ఆనుకుంటే చిరుగుతుంది, లోపలికి పోతే అది మూల అనిపించుకోదు. ఆ రంధ్రంలో నాలుగు దారాలు దూర్చి రెండుగా మడిస్తే ఎనిమిది కొసలు. ఒక దారం మిగతావాటికంటే పొడుగు. దానితోనే చుట్లు చుడతారు. మధ్య మధ్య ఐదు జంట ముడులు. కుచ్చు పొడవులో మూడోవంతు చుట్లకు పోయి, మిగతా రెండు వంతులు వేలాడితే అందం. దారం వడికేవాళ్లు, మూలకు కట్టేవాళ్లు ఇది ఆజ్ఞ కోసమని మనసులో పెట్టుకుని ఆ పని చేయాలి. కుచ్చు ముందు సిద్ధమై, మూల తర్వాత ఏర్పడితే చెల్లదు. ఉదాహరణకు మూడు మూలల గుడ్డకు కట్టి ఆపైన నాలుగో మూల కోస్తే ముందు కట్టినవి పనికిరావు.

చుట్ల లెక్కలో సమాజాలు వేరు. అష్కెనజీలు 7, 8, 11, 13 చొప్పున 39 చుట్లు చుడతారు. హీబ్రూ అక్షరాలకు అంకెల విలువ ఉంది కాబట్టి, దేవుడు ఒక్కడే అని చెప్పే రెండు మాటల మొత్తం 39. స్పెయిన్ మూలాలున్న సెఫార్డీల్లో చాలామంది 10, 5, 6, 5 చుడతారు. మొత్తం 26, దేవుని నాలుగక్షరాల నామం విలువ. మరో ప్రసిద్ధమైన లెక్క ఉంది. త్సిత్సిత్ అన్న మాట విలువ 600, కొసలు 8, ముడులు 5. కలిపితే 613, అంటే తోరా ఆజ్ఞల మొత్తం. మధ్యయుగపు బైబిలు వ్యాఖ్యాత రాషీ వ్యాఖ్యానం వల్ల ఇది ప్రతి పిల్లవాడికీ నేర్పే పాఠమైంది. అయితే తోరాలో ఆ మాట ఒక అక్షరం తక్కువగా రాసి ఉందని, ఆ ప్రకారం 600 రాదని 13వ శతాబ్దపు పండితుడు నాహ్మనిడీస్ అభ్యంతరం చెప్పాడు. ఆయన దృష్టిలో గుర్తుచేసేది లెక్క కాదు, నీలి దారం. ఈ అభ్యంతరం తెలియకుండా 613 కథ ఒక్కటే చెప్పుకుపోవడం పాఠకులకు అన్యాయం చేయడమే.

నీలి దారం దగ్గర ఆగకుండా ముందుకు పోలేం. తెఖేలెత్ అనే ఆ నీలాన్ని హిలజోన్ అనే సముద్ర జీవి నుంచి తీస్తారని తాల్మూద్ చెబుతుంది. ఆ నీలం సముద్రాన్ని, సముద్రం ఆకాశాన్ని, ఆకాశం దేవుని సింహాసనాన్ని తలపిస్తాయని రబ్బీ మెయీర్ భావం. ఆ జీవి ఏదో, అద్దకం ఎలాగో ఇస్లాం విస్తరించిన కాలానికి అటూఇటూగా యూదులు మరిచిపోయారు. ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా తెల్ల దారాలతోనే సరిపెట్టుకున్నారు. తెల్లటి కుచ్చులూ చెల్లుతాయి కాబట్టి ఆజ్ఞ ఆగలేదు.

1880లలో పోలండ్‌లోని రాద్జిన్ రబ్బీ గెర్షోన్ హెనోఖ్ లైనర్ ఆ జీవిని వెతుకుతూ ఇటలీలోని నేపుల్స్ దాకా వెళ్లాడు. అక్కడి సముద్ర జంతుశాలలో కటిల్ ఫిష్ చూసి ఇదే అన్నాడు. దాని సిరాతో నీలం రంగు చేయించాడు. ఆయన అనుచరులు ఇప్పటికీ ఆ దారమే కడతారు. 1913లో లండన్ విశ్వవిద్యాలయానికి ఇదే విషయంపై సిద్ధాంత వ్యాసం రాసిన ఐజాక్ హెర్జోగ్, తర్వాత ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ అయినవాడు, ఆ దారాన్ని ప్రయోగశాలలకు పంపాడు. అది ప్రష్యన్ బ్లూ అని తేలింది. ఇనుముతో చేసే కృత్రిమ రంగు అది. సిరా బదులు ఏ జంతు పదార్థం వేసి కాచినా అదే నీలం వస్తుంది. మ్యూరెక్స్ ట్రంక్యులస్ అనే సముద్రపు నత్త మీద హెర్జోగ్‌కు నమ్మకం ఉన్నా, దాని రంగు ఊదాకు తిరగడం ఆయనను ఆపింది. ఆ చిక్కు 1980లలో ఇజ్రాయెల్‌లోని షెంకార్ కళాశాలలో ఓటో ఎల్స్నర్ వల్ల విడింది. రంగు తొట్టిలో కరిగి ఉన్న సమయంలో ఎండ తగిలితే దానిలోని బ్రోమిన్ విడిపోయి అచ్చమైన నీలం మిగులుతుంది. ఎండలో పనిచేసిన పాత అద్దకపు పనివాళ్లకు ఇది అనుభవంతో తెలిసి ఉండాలి.

అలా మిగిలిన నీలం రసాయనికంగా మన నీలిమందే. నీలిమందు మొక్క రంగును తాల్మూద్ కలా ఇలాన్ అంటుంది. ఆ చవక రంగు దారాన్ని తెఖేలెత్ అని నమ్మించి కట్టేవాణ్ణి దేవుడే శిక్షిస్తాడని హెచ్చరిస్తుంది. అంటే అణువు ఒకటే అయినా నత్త నుంచి వచ్చింది పవిత్రం, మొక్క నుంచి వచ్చింది మోసం. కంటికి తేడా తెలియదు కాబట్టే అమ్మేవాడి నిజాయతీ మీద అంత బరువు పడింది. నీలి దారం కొనేవాళ్లు ఈనాటికీ నమ్మకమైన ధ్రువీకరణ చూసే కొనాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

నీలి దారాలు ఎన్ని ఉండాలన్నదీ వివాదమే. ఎనిమిది కొసల్లో ఒకటి అని మైమోనిడీస్, రెండు అని ఆయన విమర్శకుడు రాబద్, నాలుగు అని రాషీ. సంప్రదాయ పరంపర తెగిపోయాక ఆధారాలతో దాన్ని తిరిగి అతికించలేమని చాలామంది పెద్ద రబ్బీలు నత్త నీలాన్ని ఒప్పుకోలేదు. పురావస్తు, రసాయన సాక్ష్యం ఇంత బలంగా ఉన్నప్పుడు ఎందుకు ఆగాలని మరికొందరు అడుగుతున్నారు. నాకు రెండోవాళ్ల వాదన బలంగా కనిపిస్తుంది. అయినా ఇంటి పెద్దలు తెల్లనివే కట్టుకుంటున్న చోట ఒక్కడే నీలం కట్టుకుని వెళ్లేముందు తన రబ్బీని అడగడం మర్యాద.

బట్ట మీది చారలు మాత్రం పూర్తిగా ఆచారం. నల్ల చారలు అష్కెనజీలవి, తెలుపు మీద తెలుపు చారలు చాలామంది సెఫార్డీలవి. చార నలుపుకు యెరూషలేము దేవాలయం కూలిన దుఃఖం కారణమన్న మాటా, పోయిన నీలానికి గుర్తన్న మాటా తర్వాత పుట్టిన వివరణలే. నీలి చారలకు ఇంకో చరిత్ర కూడా కలిసింది. 1897లో బాసెల్‌లో తొలి జియోనిస్టు మహాసభకు జెండా కావాల్సి వచ్చినప్పుడు డేవిడ్ వోల్ఫ్‌సన్ తల్లీత్‌నే నమూనాగా తీసుకున్నాడు. 1948 అక్టోబరులో ఇజ్రాయెల్ స్వీకరించిన జెండా మీది రెండు నీలి చారలు అవే. మెడ దగ్గరి పట్టీ, అతారా, బట్టకు పైదేదో కిందిదేదో చూపే గుర్తు. దాన్ని వెండి బిళ్లలతో నింపే వేడుక కూడా ఉంది. తప్పులేదు కానీ వెండి బరువుకు పాత ఉన్ని చిరుగుతుంది. ఇలాంటి శాలువాలు నేసినవాళ్ల బతుకు ఈ అందాల మధ్య మరుగునపడుతుంది. తూర్పు యూరప్‌లో గలీసియా ప్రాంతంలోని కొలొమియా తల్లీత్ నేతకు పేరుపడిన ఊరు. 1892లో అక్కడి నేతగాళ్లు కూలీ కోసం సమ్మె చేశారు.

కప్పుకునే తీరుకు వద్దాం. ముందు కుచ్చుల చిక్కులు విడదీసి, దారాలు తెగలేదని చూసుకుంటారు. నిలబడి ఆశీర్వచనం చెబుతారు. అది తొడుక్కోవడం గురించి కాదు, చుట్టుకోవడం గురించి. తర్వాత తల మీదుగా కప్పి, కుచ్చులన్నిటినీ ఎడమ భుజం మీదుగా వెనక్కి వేసి, నాలుగు మూరలు నడిచేంతసేపు ముఖం మూసి ఉంచి, భుజాల మీదికి దింపుకుంటారు. రెండు మూలలు ముందుకు, రెండు వెనక్కి. దీన్ని ఉదయపు ప్రార్థనకే వాడటానికి కారణం ఆ వచనంలోనే ఉంది: కుచ్చులు కంటికి కనబడాలి, అంటే వెలుతురు కావాలి. ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ ముందు సాయంత్రం మాత్రం సూర్యాస్తమయానికి ముందే కప్పుకుని రాత్రి ప్రార్థన అంతా ఉంచుకుంటారు. దేవాలయ నాశనాన్ని స్మరించే తిషా బెఆవ్ ఉపవాసం రోజు ఎన్నో సమాజాల్లో పొద్దున విడిచి మధ్యాహ్నం కప్పుకుంటారు.

దేవుడు ఒక్కడే అని చాటే షెమా ప్రార్థనకు ముందు నాలుగు మూలల కుచ్చుల్నీ ఎడమ చేతిలోకి చేర్చుకుంటారు. షెమా మూడో భాగం సంఖ్యాకాండములోని ఆ ఐదు వచనాలే. కుచ్చు అన్న మాట వచ్చిన మూడుసార్లూ ముద్దు పెట్టుకుంటారు. తోరా చుట్ట దగ్గరికి పిలుపు వచ్చినవాడు కుచ్చు కొసతో అక్షరాలను తాకి ముద్దు పెట్టుకుంటాడు, చేతితో చర్మపత్రాన్ని తాకడు. యాజక వంశస్థులు ఆశీర్వదించేటప్పుడు తమ ముఖాన్నీ చేతుల్నీ తల్లీత్ కింద దాచుకుంటారు. సిమ్హాత్ తోరా పండుగనాడు పిల్లలందరి తలల మీద పెద్ద తల్లీత్‌ను పందిరిలా పడతారు. కొన్ని పెళ్లిళ్లలో వధూవరుల పైపందిరి కూడా అదే.

ఎవరు కప్పుకోవాలి అన్న ప్రశ్నకు సమాజానికో జవాబు. సెఫార్డీలు, జర్మన్ యూదులు 13 ఏళ్లకు జరిపే బార్ మిత్స్వా వేడుకకు, ఇంకా ముందే కూడా కప్పుతారు. తూర్పు యూరప్ సంప్రదాయంలో చాలామంది పెళ్లయ్యాకే. ద్వితీయోపదేశకాండములో కుచ్చుల వచనం తర్వాత వచ్చేది పెళ్లి గురించిన వచనం కావడమే వాళ్లు చూపే ఆధారం. ఆ సమాజాల్లో వధువు ఇంటివాళ్లు వరుడికి తల్లీత్ పెట్టే ఆచారం ఏర్పడింది. చొక్కా కింది చిన్న తల్లీత్ ఉంది కాబట్టి పెళ్లికాని యువకుడు కూడా ఏళ్లతరబడి కుచ్చులు లేకుండా పోడు.

స్త్రీల విషయం దీనికంటే తీవ్రమైనది. నిర్ణీత వేళకు కట్టుబడిన విధుల నుంచి స్త్రీలకు మినహాయింపు ఉందని సూత్రం. తాల్మూద్‌లో రవ్ యెహూదా అనే పండితుడు మాత్రం తన ఇంటి ఆడవాళ్ల బట్టలకు కుచ్చులు కట్టించాడు. మైమోనిడీస్ స్త్రీ కట్టుకోవచ్చు, ఆశీర్వచనం లేకుండా అన్నాడు. ఇస్సెర్లెస్ దాన్ని భక్తి ప్రదర్శన అన్నాడు. 1970లలో న్యూయార్క్ రబ్బీ మోషే ఫైన్‌స్టైన్, దేవుని ఆజ్ఞ మీది ఆశతో అయితే స్త్రీ తనకంటూ వేరైన బట్టకు కుచ్చులు కట్టుకోవచ్చని, ధర్మం మీద తిరుగుబాటుగా అయితే కూడదని రాశాడు. రిఫార్మ్, కన్సర్వేటివ్ అనే యూదు శాఖల్లో ఇప్పుడు ఆడవాళ్లు మామూలుగా కప్పుకుంటున్నారు. యెరూషలేములోని పశ్చిమ గోడ దగ్గర 1988 నుంచి నెలనెలా ప్రార్థనకు చేరే స్త్రీలను తల్లీత్ కప్పుకున్నందుకు పోలీసులు నిర్బంధించిన రోజులున్నాయి. 2013 ఏప్రిల్‌లో యెరూషలేము జిల్లా న్యాయస్థానం అది ఆ స్థలపు ఆచారానికి విరుద్ధం కాదని తేల్చింది. పాత గ్రంథాలు సందు ఇచ్చిన చోట లాఠీ తలుపు మూయడం నాకు ఎప్పటికీ అంగీకారం కాదు.

చావు దగ్గర కూడా తల్లీత్ ఉంటుంది. చాలాచోట్ల పురుషుణ్ణి తన తల్లీత్‌లోనే ఖననం చేస్తారు, ఒక మూల కుచ్చును చెల్లకుండా చేసి. ఆజ్ఞలు నెరవేర్చే బాధ్యత ఇక అతనికి లేదు. శ్మశానానికి వెళ్లినవాళ్లు తమ కుచ్చుల్ని బట్ట కింద దాచుకుంటారు. ఆజ్ఞ పాటించే భాగ్యం లేనివాళ్ల ముందు అది ప్రదర్శిస్తే వాళ్లను ఎగతాళి చేసినట్టని తాల్మూద్ అంటుంది. చనిపోయినవారి పట్ల ఇంత సున్నితమైన మర్యాదను నేను ఇంకెక్కడా చదవలేదు.

తెలుగు నేలకూ ఈ విషయంతో నిజమైన సంబంధం ఉంది. గుంటూరు దగ్గర చేబ్రోలు ప్రాంతంలోని కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం తమది ఇశ్రాయేలీయుల వంశమని చెప్పుకుంటూ సినగాగు కట్టుకుంది. మాదిగ కుటుంబాల నేపథ్యం నుంచి వచ్చిన వీళ్ల మీద యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన పరిశోధన గ్రంథం 2013లో వెలువడింది. ఇజ్రాయెల్ అధికారికంగా గుర్తించకపోయినా వాళ్లు తెలుగులో మాట్లాడుకుంటూ హీబ్రూలో ప్రార్థిస్తున్నారు. తల్లీత్ కప్పుకున్న తెలుగువాళ్లు ఎక్కడో ఊహల్లో కాదు, మన జిల్లాల్లోనే ఉన్నారు.

కొనదలచిన యూదుడు ముందు తన సమాజపు ఆచారం కనుక్కోవాలి: చారల రంగు, చుట్ల లెక్క, నీలమా తెలుపా. తర్వాత దారం ధ్రువీకరణ, కుచ్చు చేతితో కట్టిందా అన్నది. బట్ట అందం ఆ తర్వాతే. తాతగారి తల్లీత్ చేతికొస్తే పడేయనక్కర్లేదు. బట్ట గట్టిగా ఉంటే కుచ్చులు మార్పిస్తే చాలు. తీసేసిన దారాల్ని చెత్తలో వేయరు. ప్రార్థన పుస్తకంలో పేజీ గుర్తుగానో మరో పుణ్యకార్యానికో వాడతారు. ఉతికించేటప్పుడు కుచ్చుల్ని చిన్న సంచిలో కట్టి, వచ్చాక ప్రతి దారాన్నీ మళ్లీ చూసుకుంటారు. మరుగుదొడ్డికి వెళ్లేముందు పెద్ద తల్లీత్ తీసి బయట పెడతారు.

యూదులు కానివాళ్లకు ఒక్క మాట. ప్రపంచంలో కొన్ని క్రైస్తవ శాఖలు తల్లీత్‌ను తమ ఆరాధనలోకి తెచ్చుకుంటున్నాయి. యేసు పైవస్త్రపు చెంగు సువార్తల్లో ఉంది కాబట్టి వాళ్ల ఆకర్షణ అర్థమవుతుంది. కానీ యూదులకు ఇది ఒడంబడిక గుర్తు. వాళ్లను అడగకుండా తీసుకోవడం చాలామందిని నొప్పిస్తుంది. కొచ్చిలో గానీ న్యూజెర్సీలో గానీ సినగాగుకు అతిథిగా వెళ్లే తెలుగు మగవాళ్లు ద్వారం దగ్గర ఇచ్చే టోపీ పెట్టుకోవాలి. పక్కన దొంతరగా ఉన్న తల్లీత్‌లను మాత్రం తీసుకోనక్కర్లేదు. అవి ఆ ఆజ్ఞ ఉన్నవాళ్ల కోసం పెట్టినవి.